టార్ట్స్ నా బుర్రకెక్కింది ఇడ్లీ బండి దగ్గర

లా ఫస్టియర్‌లో నన్ను ఏడిపించిన పేపర్ టార్ట్స్, అంటే ఒకరి తప్పువల్ల ఇంకొకరి హక్కుకు భంగం కలిగితే పరిహారం కోరే సివిల్ చట్టం. శిక్షాస్మృతిలా వరుసగా సెక్షన్లు ఉండవు, అన్నీ తీర్పులే. లాటిన్ మాటలు బట్టీ పట్టి, మొదటి ఇంటర్నల్‌లో 'డామ్నమ్ సైన్ ఇంజూరియా' (హక్కుకు భంగం లేని నష్టం), 'ఇంజూరియా సైన్ డామ్నో' (నష్టం లేని హక్కు భంగం) రెండూ తారుమారుగా రాసేశాను.

దారి దొరికింది తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర, నేను రోజూ తినే బండి దగ్గర. పక్కనే ఇంకొకరు బండి పెట్టి ఇడ్లీ ధర తగ్గించారు. "గిరాకీ అంతా ఆడికే పోతా ఉండాది నాయనా, కేసు పెట్టొచ్చా?" అన్నాడు బండాయన. 1410 నాటి గ్లోస్టర్ స్కూలు కేసు ఇదే కదా! పోటీ బడి పెట్టి ఫీజు తగ్గించినా దావా నిలవలేదు. నష్టం ఉంది, హక్కుకు భంగం లేదు. "కుదరదన్నా, చట్నీ మార్చు" అన్నాను.

తిరగేస్తే 1703 నాటి ఆష్బీ కేసు. ఆష్బీని ఓటు వేయనివ్వలేదు, కానీ అతను కోరుకున్నవాళ్లే గెలిచారు. నష్టం లేకపోయినా హక్కు పోయింది కాబట్టి దావా నెగ్గింది.

అప్పట్నుంచి నోట్సులో ముందు కథ, తర్వాత 'ఎవరి హక్కు పోయింది?' అన్న ప్రశ్న, లాటిన్ ఆఖర్న. తాగిన జింజర్ బీర్ సీసాలో నత్త వచ్చిందని తయారీదారు మీద వేసిన 1932 డొనోహ్యూ కేసులో, ఆ నత్త ఉందని చివరిదాకా రుజువే కాలేదు. నేను మాత్రం గోలీసోడాను వెలుతురుకెత్తి చూశాకే తాగుతున్నాను.