క్యాన్సర్ కణం రక్తనాళం దాటిందా లేదా: జీబ్రాఫిష్ పిల్లలో చూసే పద్ధతి

ట్యూమర్ నుంచి ఊడి రక్తంలో కొట్టుకుపోయే కణాల్లో చాలావరకు దారిలోనే చచ్చిపోతాయి. ఎక్కడో సన్నని నాళంలో ఆగి, గోడ దాటి బయటపడ్డ కొన్నే ఇంకోచోట గడ్డ కట్టగలవు. ఆ దాటడం కళ్లారా చూడాలంటే జీబ్రాఫిష్ పిల్ల చాలా అనువైనది, ఒళ్లంతా పారదర్శకమే కదా.

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. రక్తనాళాలు ఆకుపచ్చగా మెరిసే రకం చేపల గుడ్లను 28.5 డిగ్రీల్లో ఉంచి, ఫలదీకరణమైన 24 గంటలకు నీళ్లలో పీటీయూ (రంగు పట్టకుండా ఆపే మందు) కలపండి, లేకపోతే ఒంటి మీద నల్లరంగు వచ్చి ఏమీ కనపడదు. 48 గంటలప్పుడు ట్రైకైన్‌తో మత్తిచ్చి, పచ్చసొన మీదుగా గుండెలో కలిసే పెద్ద సిరలోకి ఎర్రగా మెరిసే మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు (ఎండీఏ-ఎంబీ-231 బాగా పనిచేస్తాయి) ఎక్కించండి. ఆ వయసుకి టీ-కణాలు (పరాయి కణాల్ని గుర్తుపట్టి చంపేవి) ఇంకా తయారవవు, అందుకే చేప ఈ క్యాన్సర్ కణాల్ని తిరస్కరించదు. తర్వాత 34 డిగ్రీల్లో పెట్టండి. చేపకి అది ఎక్కువే, మనిషి కణానికి తక్కువే, తప్పదు.

గంటాగి చూసి, పచ్చసొనలోకి కణాలు కారిన పిల్లల్ని మొహమాటం లేకుండా తీసేయండి. అవి నాళం దాటి వచ్చినవి కావు, మీ సూది వదిలినవి.

మిగతావాటిలో తోక చూడండి, రక్తం నెమ్మదించే సిరల అల్లికలోనే కణాలు ఎక్కువగా ఆగుతాయి. 2018లో స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు ఇదే చేపలో చూపించిందేమిటంటే, ప్రవాహం జోరుగా ఉంటే కణం ఆగలేదు, మరీ మందగిస్తే బయటపడడం తగ్గుతుంది, ఎందుకంటే చాలాసార్లు కణం తనంతట తాను దూరిపోవడం కాదు, నాళం గోడ కణాలే కదిలి దాన్ని చుట్టేసి బయటికి పంపుతాయి. కాబట్టి ఫోటోల కోసమని మత్తు ఎక్కువ ఇవ్వకండి, గుండె నెమ్మదిస్తే మీ ఫలితమే మారిపోతుంది.

అసలు తిప్పలంతా లెక్కపెట్టడంలోనే. పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో నాళం మీద పడుకున్న కణం కూడా లోపల ఉన్నట్టే కనిపిస్తుంది. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో ఒకటి రెండు మైక్రాన్ల చొప్పున పొరలు పొరలుగా తీసి, పక్కకోత తిప్పి చూడండి. ఎరుపు చుట్టూ పచ్చదనం ఉన్నంత మాత్రాన లోపలే ఉందనుకోకండి, గోడ చుట్టుకున్న కణమూ అలాగే ఉంటుంది. మామూలు వెలుతురులో రక్తకణాలు దాని పక్కనుంచి పారుతున్నాయా చూస్తే తేల్చుకోవడానికి సాయపడుతుంది. నాళం బయట చిన్న చిన్న ఎర్ర ముక్కలు కనిపిస్తే సంబరపడొద్దు, చచ్చిన కణాల్ని మింగిన మాక్రోఫేజ్‌లు (చేప సొంత రక్షక కణాలు) కావచ్చు. చివరగా, లెక్క చేపకొకటి, కణానికొకటి కాదు: ఒకే చేపలో 30 కణాలు దాటినా అది ఒక్క నమూనాయే.