చదువుకు అనువైన పాఠశాల గది: లోపలి అమరికలో సంస్కృతికి చోటు

పాఠశాల గదులను కొత్తగా తీర్చిదిద్దాలనుకున్నప్పుడు చాలా చోట్ల మొదట చర్చకు వచ్చేవి గోడల రంగులు, ఆ గోడల మీద వేయించవలసిన బొమ్మలు. నిజానికి ఈ రెండూ చివరలో తేల్చుకోవలసిన విషయాలు. ముందుగా పిల్లలకు పాఠం స్పష్టంగా వినపడాలి, బోర్డు కనపడాలి, గదిలో గాలి ఆడాలి. సంస్కృతి కూడా గోడ మీది బొమ్మలో కంటే గదిని వాడుకునే తీరులోనే ఎక్కువగా వ్యక్తమవుతుంది: పిల్లలు లోపలికి ఎలా వస్తారు, ఎలా కూర్చుంటారు, ఎవరి భాష కళ్లబడుతుంది, పెద్దలు వస్తే వారికి ఎక్కడ చోటు దొరుకుతుంది అన్న ప్రశ్నలకు గది అమరికే జవాబు చెబుతుంది.

ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 ప్రాథమిక పాఠశాలల్లోని 153 తరగతి గదులను, 3,766 మంది పిల్లల చదువును పరిశీలించి 2015లో ఫలితాలను వెల్లడించారు. ఏడాది కాలంలో పిల్లలు సాధించిన ప్రగతిలో కనిపించిన తేడాలలో 16 శాతం తరగతి గది భౌతిక లక్షణాలతో ముడిపడి ఉన్నట్లు వారు లెక్కగట్టారు. అందులో దాదాపు సగం వాటా వెలుతురు, ఉష్ణోగ్రత, గాలి నాణ్యతలది. మిగిలిన సగాన్ని ఈ గది మాది అన్న భావన, అమరికలోని వెసులుబాటు ఒక పక్క, రంగులు, గోడల మీది దృశ్యాలు మరో పక్క పంచుకున్నాయి. ఖర్చు ఏ క్రమంలో పెట్టాలో నిర్ణయించుకోవడానికి ఈ నిష్పత్తి చక్కని ఆధారం.

పని మొదలుపెట్టే ముందు ఖాళీ గదిలో, ఆ తర్వాత పాఠం జరుగుతున్న గదిలో, చివరి వరుసలో పిల్లల కంటి ఎత్తుకు వంగి కూర్చుని చూడాలి. ఉదయం, మధ్యాహ్నం, బడి విడిచే వేళ ఎండ ఎక్కడ పడుతున్నదో, బోర్డు ఏ మూల నుంచి మెరుస్తున్నదో, ఉపాధ్యాయుడి మాటలో ఏ అక్షరాలు వినపడకుండా పోతున్నాయో రాసుకోవాలి. గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే ధ్వని వెంటనే ఆగిపోతున్నదా, గోడల మధ్య తిరుగుతున్నదా అన్నది చెవికే తెలిసిపోతుంది.

ధ్వని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ వదిలేసే విషయం ఇదే. సాధారణ పరిమాణం గల తరగతి గదిలో ధ్వని అణగడానికి పట్టే సమయం 0.6 సెకనుకు మించకూడదనీ, ఎవరూ లేనప్పుడు గదిలోని రొద 35 డెసిబెళ్లు దాటకూడదనీ అమెరికా తరగతి గదుల ప్రమాణం చెబుతుంది. ఉపాధ్యాయుడి గొంతు చుట్టూ ఉన్న రొద కంటే సుమారు 15 డెసిబెళ్లు ఎక్కువగా ఉంటేనే చిన్నపిల్లలకు మాట తేటగా అందుతుంది. పెద్దవాళ్లు సగం వినపడిన మాటను సందర్భాన్ని బట్టి పూరించుకోగలరు, పిల్లలకు ఆ నేర్పు ఇంకా అలవడదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్న పిల్లలకు ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. అందువల్ల ప్రతిధ్వనిని తగ్గించడం సాంస్కృతిక న్యాయానికి సంబంధించిన పని కూడా. పైకప్పు వెనుక భాగంలోనూ, వెనుక గోడ పై సగంలోనూ ధ్వనిని పీల్చుకునే పలకలు అమర్చాలి. బోర్డుకు దగ్గరగా ఉన్న పైకప్పును మాత్రం గట్టిగానే ఉంచితే ఉపాధ్యాయుడి గొంతు వెనక్కి చేరుతుంది. స్థానిక నేతగాళ్లు చేసిన మందపాటి వస్త్రాలనో, అల్లిన తడికలనో వెనుక దూది పలకతో, గోడకు కొంత ఎడంగా బిగిస్తే అందమూ ప్రయోజనమూ కలిసివస్తాయి. అయితే అవి తేలికగా అంటుకోని రకానివై ఉండాలి, బయటికి పోయే దారి పక్కన ఉండకూడదు. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలునన్న సలహా తరచుగా వినిపిస్తుంది. మాటల ధ్వనిని తగ్గించడంలో వాటి వల్ల ఒరిగేది చాలా తక్కువ.

వెలుతురు విషయంలో పిల్లల బల్లల మీద కనీసం 300 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలమానం), బోర్డు మీద 500 లక్స్ ఉండేలా చూడటం మంచిది. కిటికీ పక్కనే బోర్డు ఉంటే కళ్లు చెదురుతాయి కాబట్టి, కిటికీలు పిల్లలకు పక్కవైపు వచ్చేలా గదిని తిప్పుకోవాలి. పైకప్పు తెల్లగా ఉంటే పగటి వెలుగు లోపలి దాకా పరుచుకుంటుంది. కిటికీలకు చార్టులు అతికించడం, వాటి ముందు బీరువాలు పెట్టడం వెంటనే మానుకోవలసిన అలవాట్లు. గాలికి ఎదురెదురు కిటికీలు తెరవగలిగితే చాలా వరకు సరిపోతుంది. మూసిన గదుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి, అది 1,000 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వెయ్యి పాళ్లు) దాటుతుంటే పాఠాల మధ్య తలుపులు తెరిచే ఏర్పాటు చేయాలి.

గోడల దగ్గరకు వచ్చేసరికి సంయమనం కావాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో చిన్నపిల్లలకు కొన్ని పాఠాలను బొమ్మలతో నిండిన గదిలోనూ, కొన్నింటిని బోసి గదిలోనూ చెప్పారు. బొమ్మల గదిలో పిల్లల దృష్టి ఎక్కువగా చెదిరింది, పరీక్షలో సరైన జవాబులూ తగ్గాయి. ఆ ప్రయోగం జరిగింది కొద్దిమంది పిల్లలతోనే కాబట్టి దాన్ని పట్టుకుని గోడలన్నీ బోడిగా ఉంచనక్కరలేదు. సాల్ఫర్డ్ పరిశీలనలో మరీ ఖాళీ గోడలూ, మరీ కిక్కిరిసిన గోడలూ రెండూ నష్టమేనని తేలింది. బోర్డు ఉన్న గోడను ప్రశాంతంగా ఉంచి, పిల్లల పనులను పక్క గోడల మీదో వెనుక గోడ మీదో పెట్టడం, మూడు గోడలకు లేత రంగు వేసి ఒక్క గోడకు ముదురు రంగు ఇవ్వడం తగిన మధ్యేమార్గం.

సంస్కృతిని గదిలోకి తెచ్చే పనిని పెయింటర్‌తో కాక పిల్లలతో, తల్లిదండ్రులతో, ఊరి పెద్దలతో, చేతిపనుల వాళ్లతో మాటలతో మొదలుపెట్టాలి. సంఖ్యలో తక్కువగా ఉన్న కుటుంబాలను విడిగా పిలిచి అడగాలి, ఎందుకంటే నిండు సభలో వారు నోరు విప్పకపోవచ్చు. అడగవలసినది మీకు ఏ బొమ్మలు ఇష్టం అని కాదు. మీ ఇంట్లో పిల్లలు ఎక్కడ, ఎలా కూర్చుని నేర్చుకుంటారు, పెద్దలను ఎలా కూర్చోబెడతారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, గుమ్మం దగ్గర ఏం చేస్తారు అని అడగాలి. ఆ జవాబుల నుంచే అమరిక పుట్టాలి. నేల మీద కూర్చునే అలవాటు ఉన్నచోట గదిలో ఒక భాగాన్ని శుభ్రమైన చాపలకూ పొట్టి బల్లలకూ కేటాయించవచ్చు. కథలు చెప్పే పెద్దలు వచ్చి కూర్చోవడానికి తలుపు దగ్గర ఒక స్థిరమైన ఆసనం ఉంచవచ్చు. గదుల పేర్లను పిల్లలు మాట్లాడే భాషలన్నిటిలోనూ ఒకే పరిమాణంలో రాయించాలి. ఒక వర్గపు చిహ్నాలే బడి అంతటా పరుచుకుంటే మిగిలిన పిల్లలు అక్కడ అతిథులవుతారు.

బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్ గ్రామంలో 2005లో మట్టితో, వెదురుతో కట్టిన ‘మేటి’ (METI) అనే పేరుగల పాఠశాల ఈ విషయంలో గమనించదగినది. వాస్తుశిల్పి అన్నా హెరింగర్ రూపకల్పనలో స్థానికులు స్వయంగా కట్టిన ఆ బడిలో, కింది తరగతుల వెనుక గుహల్లాంటి మట్టి గూళ్లు ఉన్నాయి. పిల్లలు వాటిలోకి దూరి ఒంటరిగానో జతగానో చదువుకోవచ్చు. అక్కడ స్థానిక సంస్కృతి గోడకు తగిలించిన వస్తువుగా లేదు, గోడే ఆ మట్టితో తయారైంది. భారతదేశంలో బాలా (BaLA) పేరుతో తెలిసిన, బడి కట్టడాన్నే బోధనోపకరణంగా మలిచే పద్ధతి మరో దారి చూపుతుంది: తలుపు తెరుచుకునే వంపు మీద నేలపై కోణాలు గీయడం, కిటికీ ఊచలతో అక్షరాలకు ముందు నేర్పే గీతలు అమర్చడం లాంటివి. ఇందులో ప్రతి అంశమూ ఒక పాఠానికి పనికిరావాలి. పాఠంలో ఎవరూ వాడని బొమ్మ మళ్లీ అలంకారంగానే మిగులుతుంది.

విలువల సంగతీ ఇంతే. సూక్తులు రాసిన గోడను పిల్లలు వారం తిరక్కుండానే చూడటం మానేస్తారు. అందరికంటే పొట్టి పిల్లవాడికీ, చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయికీ అందే ఎత్తులో నీళ్ల కుళాయి పెట్టడం, తలుపు వెడల్పు కనీసం 90 సెంటీమీటర్లు ఉంచడం, మరుగుదొడ్లకు లోపలి గడియ బిగించడం సమానత్వాన్నీ మర్యాదనూ రోజూ ఆచరణలో చూపుతాయి. సహకారం నేర్పాలంటే బల్లలు తేలికగా జరిపేలా ఉండాలి. అయితే వరుసలను పూర్తిగా తీసేయాలన్న వాదనతో నేను ఏకీభవించను, ఎవరికి వారు చేసుకునే పనికి వరుసలే అనువైనవి.

మొత్తం బడిని ఒకేసారి మార్చకుండా ఒక గదిలో అమరికను చాక్‌పీసుతో నేల మీద గీసి, బల్లలు సర్ది, కొన్ని నెలలు పాఠాలు జరగనిచ్చి, పిల్లల అభ్యంతరాలు విన్న తర్వాతే వడ్రంగిని పిలవాలి. ప్రదర్శనకు పెట్టిన ప్రతి పని కింద చేసినవారి పేరుతో పాటు తేదీ కూడా రాయించి, పాతవాటిని ఎప్పుడు ఎవరు తీయాలో ముందే నిర్ణయించి, ఆ బాధ్యతను పిల్లలకే వంతులవారీగా అప్పగించాలి.