చేతిలో నాణెం మాయం చేయడం ఎలా?

కనికట్టు అనే మాటలోనే అసలు సంగతి ఉంది. కట్టేది చూసేవాళ్ల కన్నుని. చెయ్యి ఎంత వేగంగా కదిలిందన్నదాని మీద పెద్దగా ఏమీ ఆధారపడదు. నాణెం మాయం చేసే ఈ ట్రిక్‌ని మెజీషియన్లు ఫ్రెంచ్ డ్రాప్ అంటారు. చాలామంది మొదట నేర్చుకునేది ఇదే, చాలామంది పాడుచేసేదీ ఇదే, ఎందుకంటే చేతుల పని బాగానే నేర్చుకుని చూపుని గాలికొదిలేస్తారు.

ముందు నిజంగానే చేయండి. అంటే మోసమేమీ లేకుండా, అద్దం ముందు నిలబడి ఎడమచేతిలోని నాణేన్ని కుడిచేత్తో మామూలుగా తీసుకోండి, ఓ ఇరవైసార్లు. అప్పుడు మీ తల ఎటు తిరుగుతోంది, కళ్లు ఎక్కడున్నాయి, ఖాళీ అయిన ఎడమచెయ్యి ఏం చేస్తోంది, కుడి పిడికిలి ఎంత బిగుస్తోంది, ఇవన్నీ గమనించండి. తర్వాత ఉత్తుత్తిగా తీసుకునేటప్పుడు అచ్చం ఇలాగే కనపడాలి. దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఇది, మీరు మాత్రం వదలకండి.

ఇక అసలు పని. ఎడమ అరచెయ్యి పైకి ఉండేలా పెట్టి, బొటనవేలికీ మిగతా వేళ్ల కొసలకీ మధ్య నాణేన్ని అంచుల దగ్గర పట్టుకోండి. వేళ్ల వెనకభాగం చూసేవాళ్ల వైపు ఉండాలి. నాణేనికీ అరచేతికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది కదా, కుడి బొటనవేలిని అందులోకి పోనిచ్చి, మిగతా వేళ్లతో నాణేన్ని ముందునుంచి కప్పండి. కప్పగానే ఎడమ బొటనవేలు కొంచెం వదులు చేస్తే చాలు, నాణెం దానంతటదే ఎడమ వేళ్ల మొదట్లో పడుతుంది. కుడిచెయ్యి మాత్రం ఆగకుండా, నాణెం అందినట్టే మూసుకుని పక్కకి జరగాలి.

ఇక్కడే మీ కళ్లు ఆ ఖాళీ పిడికిలి వెంట వెళ్లాలి, తల కూడా తిరగాలి. గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అనే పరిశోధకులు 2006లో ఇలాంటిదే ఒక బంతి ట్రిక్‌తో పరీక్షించారు. మెజీషియన్ బంతిని రెండుసార్లు నిజంగా ఎగరేసి మూడోసారి ఎగరేసినట్టు నటిస్తాడు, బంతి చేతిలోనే ఉండిపోతుంది. అతను పైకి చూస్తూ చేసినప్పుడు మూడింట రెండొంతుల మందికి లేని బంతి పైకి వెళ్లినట్టే కనిపించింది, చేతివైపు చూస్తూ చేస్తే ఆ సంఖ్య సగానికి పడిపోయింది. చేతి కదలిక అదే, మారింది చూపొక్కటే! నాకు ఈ విద్య మీద ఇంత ఇష్టం కలగడానికి ఇదే కారణం.

ఎడమచేతిని బిగించకండి. వేళ్లు సగం ముడిచి, నాణెం జారకుండా, వదులుగా కిందికి దించండి. వెంటనే జేబులో పెట్టారంటే దొరికిపోయినట్టే. రెండు క్షణాలు ఆగి, కుడి పిడికిలిని చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ మెల్లగా తెరవండి. కుడిచేతిలో నాణెం ఉందని వాళ్లు నిజంగా నమ్మడానికి ఆ ఆగడం అవసరం, నమ్మకం కుదరకముందే తెరిస్తే ఆశ్చర్యం పుట్టదు.

కొన్నాళ్లు సాధన చేశాక ఫోన్‌లో వీడియో తీసుకోండి. నాణెం వదిలే క్షణంలో చాలామంది తెలియకుండానే కళ్లు ఆర్పుతారు. అది అద్దంలో మనకి కనపడదు, వీడియోలో ఇట్టే తెలిసిపోతుంది. పక్కనా వెనకా ఎవరూ లేకుండా చూసుకోండి, అటునుంచి ఎడమ అరచెయ్యి కనిపిస్తుంది. నాణెం మాయం చేస్తానని ముందే చెప్పకండి, చెబితే రెండు చేతులమీదా కన్నేస్తారు. మళ్లీ చేయమని ఎంత అడిగినా అప్పటికి అదే ట్రిక్ చేయొద్దు. వాళ్లు అలా అడుగుతుండగానే ఎడమచేతిని ఎదుటివాళ్ల మోచేతి వెనక్కి తీసుకెళ్లి, నాణేన్ని వేళ్ల కొసలకి నెట్టి అక్కణ్ణుంచి తీసినట్టు చూపించండి.