ఆదివారం ఊరు గుర్తొస్తే, శనివారమే కాచాల్సిన నెల్లూరు చేపల పులుసు

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకి ఊరి మీద బెంగ వారమంతా పనిలో పడి తెలియదు. ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే పట్టుకుంటుంది. నెల్లూరు వాళ్లకైతే ఆ బెంగ చాలాసార్లు చేపల పులుసు మీదే. హోటల్ నుంచి తెప్పించుకుంటే తీరదు, ఎందుకంటే అది అప్పటికప్పుడు కాచింది. నెల్లూరు పులుసు ఒక రాత్రి నానాలి. ఆదివారం తినాలనుకుంటే శనివారం సాయంత్రమే పొయ్యి వెలిగించాలి.

ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి. "పులుసు ఎట్లా చేస్తావమ్మా" అని ఊరికే అడిగితే "ఏముందిరా, చింతపండు పులుసు పోసి ముక్కలెయ్యడమే" అంటుంది. కొలతలు ఆమె చేతికి తెలుసు, నోటితో చెప్పడం అలవాటుండదు. విడివిడిగా అడగండి. చింతపండు నిమ్మకాయంతా, నారింజకాయంతా? కారం ఏ గరిటెతో? మామిడికాయ ఎప్పుడు వేస్తావు? మెంతులు వేయించి దంచుతావా, తాలింపులో వేస్తావా? చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. నిమ్మకాయంత చింతపండంటే దాదాపు 25 నుంచి 30 గ్రాములు. మేమిక్కడ ఇచ్చే లెక్కకీ మీ అమ్మ లెక్కకీ తేడా వస్తే ఆమెదే పట్టుకోండి. మీరు వెతుక్కునేది ఆ చేతి రుచినే కదా.

చేప విషయంలో రాజీ పడొద్దు. కొరమీను దొరికితే అదే మేలు. తొట్టిలో బతికున్నదాన్ని ఎంచుకుని అక్కడే కోయించుకోవచ్చు. ముక్క రెండంగుళాల మందం ఉండాలి, తల వదలొద్దు. తోలు మీద జిగురు పోవడానికి గుప్పెడు కల్లుప్పు, రవంత పసుపు వేసి గట్టిగా రుద్ది, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి. ఆ జిగురు మిగిలితే పులుసు ఎంత బాగా కుదిరినా నీచు వాసన వదలదు. బొమ్మిడాయిలు కూడా ఇట్లాగే కడగాలి. మైపాడు, కొత్తపట్నం వైపు వాళ్లకి సముద్రపు చేప అలవాటు. వాళ్లు వంజరం తీసుకోవచ్చు, కానీ ఐసులో రోజుల తరబడి ఉన్న చేప పులుసులో పొడిపొడిగా విడిపోతుంది. మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోకూడదు.

మంటి దాక ఉంటే మంచిది. కొత్తదైతే ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, రెండు మూడు రోజులు గంజి పోసి సన్న సెగ మీద కాచాలి. ఈ పని చెయ్యకుండా పొయ్యెక్కిస్తే పగులుతుంది, లేదా మట్టి వాసన పులుసుకి పడుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద దాక వేడెక్కదు, గ్యాసే కావాలి. దాక లేకపోతే అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నె చాలు. పూత లేని అల్యూమినియం గిన్నె వద్దు, చింతపండు పులుపు దాన్ని తింటుంది.

కిలో ముక్కలకి లెక్క ఇది: చింతపండు 70 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు 2, టమాటాలు 2, పచ్చిమిర్చి 6, పుల్లటి మామిడికాయ ఒకటి, కారం 3 పెద్ద చెంచాలు, ధనియాల పొడి ఒకటిన్నర పెద్ద చెంచా, పసుపు అర చిన్న చెంచా, నూనె 100 మిల్లీలీటర్లు, కరివేపాకు రెండు రెమ్మలు. మెంతులు, జీలకర్ర ఒక్కో చిన్న చెంచా, ఆవాలు అర చెంచా తీసుకుని సన్న సెగ మీద విడిగా వేయించి దంచాలి. మెంతులు బంగారు రంగుకి రాగానే దించెయ్యండి, ఎర్రబడితే పులుసంతా చేదు. మామిడికాయలు రాని కాలంలో చింతపండు ఇంకో 15 గ్రాములు పెంచాలి. ఎండాకాలంలో ఉలవపాడు వైపు వెళ్తే పచ్చికాయలు తెచ్చి ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకోండి, నెలల తరబడి పనికొస్తాయి.

ముక్కలకి ఉప్పు, పసుపు, ఒక చెంచా కారం పట్టించి అరగంట ఉంచండి. చింతపండు వేడినీళ్లలో నానబెట్టి పిసికి, మొత్తం ముప్పావు లీటరు పులుసు తీయండి. నిలవ చింతపండులో ఉప్పు కలిసి ఉంటుంది, కొంచెం నాలిక మీద వేసుకు చూశాకే ఉప్పు వెయ్యాలి.

నూనె కాగాక కరివేపాకు, పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు. అవి మెత్తబడి అంచులు ఎర్రబడాలి, తొందరపడితే రేపటికి పులుసులో పచ్చివాసన తేలుతుంది. టమాటాలు వేసి గుజ్జయ్యేదాకా మగ్గించి, మంట తగ్గించి కారం, ధనియాల పొడి వేసి అర నిమిషం కలిపి వెంటనే పులుసు పోయండి. ఇప్పుడు పెద్ద మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు తెర్లనివ్వాలి. నూనె పైకి తేలాక, కొంచెం చిక్కబడ్డాక చేప వెయ్యాలి. అంతకుముందు వేస్తే పులుసు ఉడికేలోగా చేప చిదికిపోతుంది.

ముక్కలు ఒక్కొక్కటిగా పరిచి మంట సగానికి తగ్గించండి. ఇక గరిటె ముట్టొద్దు. గుడ్డతో గిన్నె రెండంచులూ పట్టుకుని గుండ్రంగా తిప్పితే చాలు. ఐదు నిమిషాలకి మామిడి ముక్కలు వెయ్యండి, ముందే వేస్తే కరిగి పులుపు మితిమీరుతుంది. కొరమీనుకి మొత్తం పది నిమిషాలు, వంజరానికి ఏడు, బొమ్మిడాయిలకి ఐదారు. బొమ్మిడాయిలకైతే మామిడి, చేప ఒకేసారి వెయ్యండి. దించే ముందు దంచిన మెంతుల పొడి ఒకటిన్నర చిన్న చెంచా చల్లి, గిన్నె ఒకసారి తిప్పి మూత పెట్టండి.

ఇప్పుడు రుచి చూస్తే కారం, పులుపు దేనికది విడిగా తెలుస్తాయి. కంగారుపడి బెల్లమో నీళ్లో కలపొద్దు. రాత్రికి పులుపూ ఉప్పూ ముక్కలోకి దిగి, చేప రుచి పులుసులోకి వస్తుంది. ఊళ్లో పొయ్యి మీదే రాత్రంతా వదిలేస్తారు. నగరంలో వేడి తగ్గాక, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టడం క్షేమం. వేడి దాకని అట్లాగే పెడితే పగులుతుంది, చల్లారాకే పెట్టండి. మర్నాడు తినేంత వరకే వేరే గిన్నెలోకి తీసి వేడి చేసుకోండి. మళ్లీ మళ్లీ కాస్తే ముక్క చెదిరిపోతుంది.

వాసన గురించి: పొట్టు, మొప్పలు కవర్లో కట్టి, చెత్త బండి వచ్చేదాకా ఫ్రీజర్లో ఉంచండి. కోసిన పలకని, గిన్నెలని పులుసు పిండగా మిగిలిన చింతపిప్పితో తోమితే నీచు పోతుంది. ఇంటి ఓనరు మాంసం వద్దన్న ఇల్లయితే దొంగచాటు వంట వద్దు, వంట సాగే స్నేహితుల ఇంట్లో కాచుకోండి. కిలో చేప ఐదారుగురికి సరిపోతుంది, నగరంలో ఉన్న మన ఊరి వాళ్లని ఇద్దరిని పిలవండి. ఒంటరిగా తింటే సగం రుచే.

అన్నం వేడిగా ఉండాలి, పలుకు విడివిడిగా ఉండాలి. మన నెల్లూరు మొలగొలుకుల బియ్యం నగరంలో దొరకడం కష్టం, ఊరి నుంచి ఎవరన్నా వస్తుంటే తెప్పించుకోండి. సోమవారానికి ముక్కలన్నీ అయిపోయి అడుగున మామిడి ముక్కలు, చిక్కటి పులుసు మిగులుతాయి. దాన్ని సన్న సెగ మీద ఒక్కసారి తెర్లించి, పొద్దున్నే దోసెల్లోకి పోసుకోండి.