వీగన్ ఫ్రోజెన్ యోగర్ట్ దుకాణంలో మీకు నచ్చే కప్పు ఎలా నింపుకోవాలి?

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఫ్రోజెన్ యోగర్ట్ (ఐస్ క్రీంలా గడ్డకట్టించిన తీపి పెరుగు) దుకాణం కొత్త కాదు. కప్పు తీసుకుని, గోడ వెంట ఉన్న మిషన్ల మీట వంచి కావలసినంత నింపుకుని, పైన పండ్లో పప్పులో చల్లుకుని, తూకం వేయించి డబ్బు కట్టడం అక్కడి పద్ధతి. పాలు, తేనె సహా జంతువుల నుంచి వచ్చేదేదీ బొత్తిగా వాడని వీగన్ దుకాణాలు కూడా కొన్ని పేటల్లో ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. పాలు పడనివారికి, వీగన్ ఆహారం తీసుకునేవారికి ఇవి పెద్ద ఊరట. అయినా ఒకే దుకాణానికి వెళ్లొచ్చిన ఇద్దరిలో ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు మంచు నమిలినట్టుందని పెదవి విరుస్తారు. ఏ మీట వంచారు, ఏ వేళకు వెళ్లారు, పైన ఏం వేసుకున్నారు అన్నవాటిలోనే ఆ తేడా చాలావరకు ఉంటుంది.

1. దేనితో చేశారో ముందే అడగండి

కొబ్బరి పాలు, బాదం, జీడిపప్పు, సోయా, ఓట్స్ ఎక్కువగా వాడతారు. దేని తీరు దానిది. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. అందుకే కొబ్బరితో చేసినది చిక్కగా, నిండుగా ఉంటుంది, కొంచెంసేపు నాలుకకు అంటుకుంటుంది కూడా. బాదం పాలు పలుచగా ఉంటే మంచు రవ్వలు పంటికి తగులుతాయి. సోయా పాలలో మాంసకృత్తులు దాదాపు ఆవుపాలతో సమానంగా ఉంటాయి కాబట్టి నోట్లో నిండుదనం దొరుకుతుంది, కానీ దాని పచ్చి వాసన కొందరికి పడదు. ఓట్స్ పాలు తీసేటప్పుడు అందులోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. దాంతో సహజమైన తీపి ముందే చేరుతుంది. జీడిపప్పుది మీగడ లాంటి మెత్తదనం.

పెరుగు ఇష్టపడేవారు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: తోడు వేసి పులియబెట్టారా, పులుపు కోసం నిమ్మ ఉప్పు కలిపారా? తోడు పడినదాని పులుపు మెల్లగా తెలుస్తుంది, నిమ్మ ఉప్పుది మొదటి చెంచాకే చురుక్కుమంటుంది. మన నాలుకకు ఆ తేడా పట్టడం కష్టం కాదు.

ఇంట్లో పిల్లలకు బాదం, జీడిపప్పు, సోయా వంటివి పడకపోతే వీగన్ అన్న బోర్డు చూసి ధైర్యపడకండి. పాలు మానేసిన చోట వాడేవి ఎక్కువగా అవే. ఏ మిషన్‌లో ఏముందో కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకున్నాకే కప్పు పట్టుకోండి.

2. ‘నాన్ డెయిరీ’ అని ఉంటే ఆగి చదవండి

అమెరికాలో నాన్ డెయిరీ, అంటే పాలు లేనిది అన్న పేరుతో అమ్మే కొన్ని పదార్థాల్లో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాల నుంచి తీసిన మాంసకృత్తే. పాలు పూర్తిగా మానినవారు, పాల వల్ల అలర్జీ వచ్చేవారు వీగన్ అన్న మాట స్పష్టంగా ఉన్నదే ఎంచుకోవాలి. పాలవీ పాలు లేనివీ రెండూ అమ్మే దుకాణంలో మధ్య మీట జోలికి పోవద్దు, అది పక్కనున్న రెండు రుచులనూ కలిపి వదులుతుంది.

భారతదేశంలోనూ ఇలాంటి చిక్కు ఉంది. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, అది పాల పదార్థాల మీదా తేనె మీదా ఉంటుంది. వీగన్ ఆహారానికి భారత ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వేరే గుర్తు పెట్టింది: మొక్కతో ఉన్న ఆకుపచ్చ ‘వి’ అక్షరం.

3. నింపే ముందు రుచి చూడండి

రుచి చూసేందుకు చిన్న కప్పులు అడిగితే ఇస్తారు, మొహమాటపడాల్సిన పని లేదు. పుల్లనివాటితో మొదలుపెట్టి చాక్లెట్‌ను చివరికి ఉంచండి. చల్లదనం తీపిని అణచిపెడుతుంది కాబట్టి వెంటనే మింగకుండా నాలుక మీద కరగనివ్వండి. అసలు రుచి అప్పుడే బయటపడుతుంది.

మీట వంచినప్పుడు దిగే ధారను కూడా గమనించండి. మడత మీద మడత నిలబడితే సరిగ్గా గడ్డకట్టినట్టు. కప్పులో పడగానే మడతలు కుంగి జారిపోతుంటే, జనం ఎక్కువగా వచ్చి మిషన్ ఖాళీ అయ్యి, లోపలికి కొత్తగా చేరిన ద్రవం ఇంకా గట్టిపడలేదన్న మాట. కాసేపు ఆగండి, లేదా పక్క మిషన్ చూడండి. శనివారం సాయంత్రం రద్దీలో తిన్న కప్పునుబట్టి ఆ దుకాణం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

4. తూకం గుర్తుంచుకోండి

కప్పులు పెద్దవి. అడుగు నిండగానే ఆపి చూసుకోండి. ఔన్సుకింత అని ధర కడతారు, ఔన్సు అంటే దాదాపు 28 గ్రాములు. పైన చల్లుకునేవాటికీ అదే ధర కాబట్టి పుచ్చకాయ ముక్కలకన్నా పిస్తా, బాదం వేసుకోవడమే లాభం.

5. పైన చల్లుకునే టాపింగ్స్ దగ్గర తొందరపడకండి

పూర్తి వీగన్ దుకాణంలో ఈ బెంగ లేదు. మిగతా చోట్ల మాత్రం, శాకాహారులు కూడా కళ్లు తెరుచుకుని చూడవలసింది ఇక్కడే. రంగురంగుల గమ్మీలను, తెల్లటి మార్ష్‌మాలోలను చాలావరకు జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ వచ్చేది పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యో మామయ్యో మనవరాలి కప్పులోంచి ఒక గమ్మీ తీసి నోట్లో వేసుకునే ముందే ఈ సంగతి చెప్పడం మన బాధ్యత. మెరిసే చక్కెర పలుకుల పైపూత లక్క పురుగుల నుంచి వచ్చినది కావచ్చు. కొన్ని ఎర్ర రంగుల్లో కార్మైన్ ఉంటుంది, అదీ పురుగుల నుంచి తీసేదే. కారమెల్‌లో సాధారణంగా పాలు ఉంటాయి. తేనె వీగన్ కాదు.

పండ్లు, వేయించిన పప్పులు, కొబ్బరి కోరు నిశ్చింతగా వేసుకోవచ్చు. కాకపోతే ఒక గిన్నెలోని చెంచాను ఇంకో గిన్నెలో ముంచేవారు ఎక్కడైనా ఉంటారు. అలర్జీ ఉంటే కొత్తగా తెరిచిన డబ్బాలోంచి ఇమ్మని అడగండి.

కలయికల విషయానికొస్తే, పుల్లటి సాదా రుచి మీద దానిమ్మ గింజలకు సాటి లేదు. కొబ్బరి మీద మామిడి ముక్కలు, చాక్లెట్ మీద ఉప్పు వేసి వేయించిన పల్లీలు ప్రయత్నించండి. మూడు రకాలు దాటితే ఏదీ తెలియదు.

6. ఇంటికి తెచ్చుకుంటే

ఇంటి ఫ్రీజర్‌లో అది రాయిలా గట్టిపడుతుంది. తినే ముందు కొద్దిసేపు బయట ఉంచండి. దారిలో కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే మంచు రవ్వలు పెద్దవవుతాయి, కాబట్టి ఐస్ సంచి తీసుకెళ్లండి.

7. మీ అనుభవం చెప్పండి

లోపం కనిపిస్తే ముందు కౌంటర్ దగ్గరే చెప్పండి. చాలాసార్లు అక్కడే సరిచేస్తారు. తర్వాత సమీక్ష రాసినా, ‘బాగాలేదు’ అన్న ఒక్క మాటతో దుకాణదారుకు ఒరిగేదేమీ లేదు. ‘ఆదివారం రాత్రి ఎనిమిదికి తిన్న బాదం వనిల్లా గరగరలాడింది, కొబ్బరి మామిడి చక్కగా ఉంది’ అని రాస్తే ఏ మిషన్ చూసుకోవాలో వారికి తెలుస్తుంది, ఏ రుచి ఎంచుకోవాలో తర్వాత వచ్చేవారికీ తెలుస్తుంది. రుచులను తరచూ మారుస్తుంటారు కాబట్టి నచ్చినదాన్ని పేరు పెట్టి మెచ్చుకోండి, మళ్లీ ఎప్పుడు పెడతారో అడగండి.