ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి: కళాచరిత్ర, బాలసాహిత్యం, ఆత్మకథ

కళాచరిత్ర, బాలసాహిత్యం, ఆత్మకథ అనే మూడు శాఖలలో మంచి పుస్తకాలు వెతికేవారు 'తప్పక చదవవలసిన వంద' వంటి జాబితాలను కొంతకాలం పక్కన పెట్టడం మేలు. జాబితా పేర్లు చెప్పి ఊరుకుంటుంది. తరువాత ఏమి చదవాలో చెప్పేది చేతిలో ఉన్న పుస్తకమే: దాని ముందుమాట, చివర ఇచ్చిన ఆధార గ్రంథాలు, అనువాదకుని పేరు, మొదటి ముద్రణ సంవత్సరం.

వరంగల్ ప్రాంతం వారు కళాచరిత్రను కళ్లెదుట ఉన్న కట్టడంతో మొదలుపెట్టవచ్చు. పాలంపేటలోని రామప్ప గుడి గురించిన పుస్తకం దొరికిందనుకుందాం. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడిని కట్టించాడని చెప్పేది 1213 నాటి శాసనం. రామప్ప అనే శిల్పి వల్ల ఆ పేరు వచ్చిందని చెప్పేది జనశ్రుతి. ఈ రెండింటినీ కలిపేయకుండా వేరువేరుగా చెప్పే రచయితను నమ్మవచ్చు. ఇటుకలు నీటిలో తేలుతాయన్న వింత దగ్గరే ఆగిపోయి, శిఖరం బరువు తగ్గించడానికే అంత తేలికైన ఇటుకలు వాడారన్న సంగతి చెప్పని పుస్తకాన్ని అక్కడే వదిలేయవచ్చు. గుడి నేలపటం ఉన్నదా, ప్రతి ఫొటో కింద ఆ శిల్పం ఏ వైపున ఉన్నదో రాశారా అన్నది కూడా చూడాలి. అట్ట మీద ఎంత అందమైన రంగుల చిత్రం ఉన్నా, లోపల ఈ వివరం లేకపోతే అది ఆల్బమే. వీలైతే పుస్తకాన్ని వెంట తీసుకొని వెళ్లి, మదనికలనే నాట్యగత్తెల శిల్పాల ఎదుట నిలబడి చదవాలి. ఆ నాట్యభంగిమల గురించి సందేహం పుడితే దారి అదే దొరుకుతుంది: గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 13వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన 'నృత్తరత్నావళి', రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేసిన దాని తెలుగు అనువాదం, అక్కడి నుంచి పేరిణి నాట్యానికి తిరిగి ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ.

బాలసాహిత్యానికి పరీక్ష చిన్నది. ఒక పేజీ పైకి చదివితే నోరు తడబడకూడదు. కథ చివర నీతి విడిగా అచ్చువేసి ఉంటే కొంత అనుమానించాలి. బొమ్మలు వేసినవారి పేరు ముద్రించని ప్రచురణకర్త పిల్లల పుస్తకాన్ని తేలికగా తీసుకున్నాడనే నా అభిప్రాయం. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, హైదరాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు మొదట చూడదగినవి. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా, చదివే స్థాయిని బట్టి దొరుకుతాయి. చివరి తీర్పు మాత్రం పిల్లలదే: రెండోసారి అడిగితే ఆ రచయితవే మరికొన్ని వెతకాలి.

ఆత్మకథల విషయంలో ఒక్కదానితో ఆగకూడదు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్యను గానీ, అంతకు ముందటి రజాకార్ల రోజులను గానీ ఎంచుకొని, వాటి గురించి ఇద్దరు ముగ్గురు ఏమి రాశారో పక్కపక్కన పెట్టి చదివితే, ఎవరు తమను తాము పెద్దగా చూపుకున్నారో, ఎవరు ఏ సంగతి దాటవేశారో తెలిసిపోతుంది. కాళోజీ 'ఇదీ నా గొడవ'తో గానీ, ఆదిలాబాద్ వైపు వారికి దగ్గరైన సామల సదాశివ 'యాది'తో గానీ మొదలుపెట్టవచ్చు. చదువుతున్నప్పుడు ఎదురయ్యే మనుషుల పేర్లను ఒక కాగితం మీద రాసుకోవడం అవసరం. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య జీవితాన్ని చదివితే నిజామాబాద్ జైలు వస్తుంది, ఆ జైలులో తోడుగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి వస్తాడు, ఆయన 1938లో స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల వస్తుంది. ఒక్క పేరు వెంట పోతే ఒక తరం రచయితలంతా కనిపిస్తారు.

ఇక దొరికే చోట్లు. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం వంటి పాత గ్రంథాలయాలలో ఇప్పుడు అచ్చులో లేనివాటి కోసం అడగాలి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ వర్గీకరణ పాటించేచోట కళలు 700 అంకెలలో, జీవిత చరిత్రలు 920 దగ్గర ఉంటాయి గానీ, ఆత్మకథలు తరచుగా చరిత్రలోనో సాహిత్యంలోనో కలిసిపోతాయి కనుక ఆ బీరువాలు కూడా చూడాలి. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లేవారు ఆదివారం చూసుకుంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు తిరగేయవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. అయితే పేర్లను ఇంగ్లిషు అక్షరాలలో ఇష్టం వచ్చినట్లు రాశారు కనుక, దీర్ఘాలు, ఒత్తులు మార్చిమార్చి నాలుగైదు విధాలుగా వెతికి, అప్పటికీ దొరకకపోతే రచయిత ఇంటిపేరు ఒక్కటే ఇచ్చి చూడాలి.