మృగశిర కార్తెకు ముందే ఫ్లూ టీకా: పాలమూరు, నల్లగొండ ఇళ్లకు సూచనలు

ఇంట్లో అరవై దాటిన పెద్దలు, ఉబ్బసం లేదా మధుమేహం ఉన్నవారు, గర్భిణులు ఉంటే, వైద్యుణ్ణి అడిగి ఫ్లూ టీకా పనిని మృగశిర కార్తె ప్రవేశించే లోపే ముగించుకోవాలి. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో ప్రబలి, జనవరి–మార్చి మధ్య మరోసారి తలెత్తుతుంది. టీకా రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఊరంతా దగ్గు మొదలయ్యాక వేయించుకుంటే మేలే గానీ ఆ రెండు వారాలు కాపు ఉండదు.

నిరుడు వేయించుకున్నాం కదా అని ఊరుకోకూడదు. ఆర్‌ఎన్‌ఏ అనే జన్యుపదార్థంతో కూడిన ఫ్లూ వైరస్ తన ప్రతులను తయారుచేసుకునేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దుకోలేదు; అలా మారిన పైపొర ప్రోటీన్లను మన శరీరం సరిగా గుర్తుపట్టలేదు. పైగా ఫ్లూ వైరస్‌లలో ఒక రకమైన ఇన్‌ఫ్లుయెంజా–ఏ జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు చేరితే ఆ ముక్కలు కలగలిసి, ఎవరికీ పరిచయం లేని వైరస్ ఒక్కసారిగా పుట్టవచ్చు. పందుల, పక్షుల, మనుషుల వైరస్‌ల ముక్కలున్న హెచ్‌1ఎన్‌1 (స్వైన్ ఫ్లూ) అలాంటిదే: 2009 ఏప్రిల్‌లో ఉత్తర అమెరికాలో బయటపడి, మే నెలలోనే విమాన ప్రయాణికుడితో హైదరాబాద్ చేరింది. దేశంలో తొలి కేసు అదే. అక్కడి నుంచి మన ఊళ్లకు రావడానికి ఆర్టీసీ బస్సు చాలు; ముంబై వలసలున్న పాలమూరుకైతే ఇంకో దారి కూడా ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాలో ఉండవలసిన రకాలను ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో సూచిస్తుంది. మనం ఉన్నది ఉత్తరార్ధగోళమే అయినా, మే నెలలో వేయించుకునేవారు ఆ ఏటి దక్షిణార్ధగోళపు టీకానే అడగాలి, ఎందుకంటే అప్పటికి దొరికేవాటిలో తాజా ఎంపిక అదే. పెట్టె మీద సంవత్సరాన్ని, గడువు తేదీని చూడాలి. నాలుగు రకాల టీకాలో అదనంగా ఉండే బీ–యమగాట అనే ఫ్లూ రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు కనుక, మూడు రకాల టీకా దొరికితే నాలుగు రకాలదానికి అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

అసలు జాగ్రత్త ఎండ విషయంలో కావాలి. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. రోహిణి ఎండల్లో మెడికల్ షాపులో కొని, ప్లాస్టిక్ కవర్లో వేసుకుని బండి మీద తేవడం కన్నా, ఫ్రిజ్‌లో నిల్వచేసిన ఆసుపత్రిలోనే వేయించుకోవడం నయం. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు వేయించాలి. ఆరు నెలలు నిండనివారికి వేయించకూడదు.